సందు కింద తీగ

గ్యారేజీకి కొత్త కరెంటు లైను వెయ్యడానికి గుంత తవ్వుతున్న ఎలక్ట్రీషియన్ డెమెట్రియస్ పార ఆపాడు.

"యొలాండా అక్కా, ఒకసారి ఇలా రా. ఇదేం తీగ?"

గ్యారేజీ గోడ పక్కన, మోకాలి లోతులో, తుప్పు పట్టిన ఇనప గొట్టం. అందులో నల్లటి తీగ. అది ఇంటి వైపు పోవడం లేదు. వెనక సందు కిందుగా అవతలికి పోతోంది.

"నాకేం తెలుసు?" అంది యొలాండా.

అబద్ధం. కొంత తెలుసు.

కిందటి చలికాలం బిల్లు కట్టలేక ఆమె ఇంటికి కరెంటు పోయింది. డెట్రాయిట్‌లో ఆ వీధికి అదేం వింత కాదు. వింత ఏమిటంటే, పెరట్లో విడిగా ఉన్న ఈ గ్యారేజీలో బల్బు మాత్రం వెలిగింది. కంపెనీవాళ్లు ఈ లైను కొయ్యడం మరిచిపోయారు అనుకుంది. కంపెనీకి దయ ఉండదు గాని మరుపు ఉండొచ్చు కదా. గ్యారేజీ నుంచి ఇంట్లోకి పొడుగు వైరు లాగింది. చిన్న హీటరూ, ఉబ్బసం ఉన్న కూతురు నియా మందు పీల్చే మిషనూ ఆ వైరు మీదే నడిచాయి. మంచు కరిగేదాకా ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. దొంగ కరెంటని తెలిస్తే పిల్లను సరిగా పెంచడం లేదని సర్కారువాళ్లు పట్టుకుపోతారు.

ఇప్పుడు ఉద్యోగం దొరికింది. ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూసుకునే పని. కరెంటు కారు వాళ్లే ఇస్తారు, చార్జింగ్ మాత్రం ఇంటి దగ్గరే పెట్టుకోవాలి. సోమవారానికల్లా గ్యారేజీలో చార్జింగ్ ఏర్పాటు చూసి ఇన్‌స్పెక్టరు సరే అనకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది. పని పోతే మళ్లీ చీకటి. మళ్లీ నియాకు ఎగశ్వాస.

"అవతల ఎవరిల్లు?" అన్నాడు డెమెట్రియస్.

"పోలండ్ ముసలాడిది. వాడి జనమంతా ఎప్పుడో ఊరవతలికి పోయారు, వీడే మిగిలాడు. ఇంట్లో కూడా కోటు విప్పడు, పిసినారి."

"కరెంటు స్తంభమూ అటే ఉంది. ఇది స్తంభానికి పోతుందో, వాడి షెడ్డుకు పోతుందో ఈ చివర నుంచి చెప్పలేను."

యొలాండాకు అంతా తెలిసిపోయినట్టయింది. కంపెనీ మరిచిపోయిన లైనును వాడుకున్నది ఆమె ఒక్కతే కాదు. వాడూ వాడుకుంటున్నాడు.

అంతలో ముసలాడే సందులోకి వచ్చి కంచె పట్టుకున్నాడు.

"దాన్ని కొయ్యకండి. చలి ఇప్పుడే మొదలైంది."

"చలేస్తే రెండు దుప్పట్లు కప్పుకో తాతా," అన్నాడు డెమెట్రియస్.

ముసలాడు యొలాండా వైపు చూశాడు.

"పాపకి దగ్గు తగ్గిందా?"

"నా పిల్ల దగ్గుతో నీకేం పని? కిటికీలో కూర్చుని మా ఇంట్లోకి చూస్తున్నావా?"

ముసలాడు కంచె వదిలేశాడు. సందు దాటి వెళ్లిపోయాడు.

డెమెట్రియస్ తీగ కోసేశాడు.

మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టరు గుంతలోకి వంగి చూసింది.

"ఇది ఎవరిదో తేలాలి. తేలందే నేను సరే అనను."

తెలీదంటే సోమవారం దాటిపోతుంది. తెలిసింది చెబితే కిందటి చలికాలం సంగతి బయటపడుతుంది.

"ఆ ముసలాడిది," అంది యొలాండా. "మా గ్యారేజీ మీదుగా కంపెనీ కరెంటు దొంగిలిస్తున్నాడు."

"చూశారా?"

"నా కళ్లతో చూశాను."

డెమెట్రియస్ ఆమె మొహం చూసి తల దించుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు సరే అని కంపెనీకి ఫోను చేసింది. ఆ సాయంత్రమే కంపెనీ బండి సందులో అవతలి ఇంటి దగ్గర ఆగింది. ఒకడు షెడ్డులోకి వెళ్లి వచ్చాడు. గోడ మీద మీటరు పీకి బండిలో వేసుకున్నాడు. పేదవాడి గుమ్మంలో కంపెనీ ప్రశ్నలు అడగదు. ముసలాడు మెట్టు మీద నిలబడి చూశాడు. ఒక్కసారి ఇటు తిరిగాడు.

యొలాండా కర్టెన్ లాగేసింది.

ఆ వారం ఊరి పక్క సరస్సు మీంచి మంచుగాలి తిరిగింది. నీళ్లు గడ్డకట్టి కుళాయిలు బిగుసుకుపోయాయి. ఉత్తరాలు పంచేవాడు తలుపు కొట్టి కొట్టి పోలీసుల్ని పిలిచాడు. ముసలాడు కుర్చీలోనే ఉన్నాడు. తొందర లేని అంబులెన్సు సైరన్ లేకుండా వచ్చి తీసుకుపోయింది.

"దొంగతనం మాని బిల్లు కట్టుకుంటే బతికేవాడు," అంది యొలాండా. ఆ మాట అన్న తన గొంతు ఆమెకే నచ్చలేదు.

స్తంభం నుంచి పెద్ద లైను లాగడానికి కంపెనీ మనిషి వచ్చాడు. పని ముగించి నిచ్చెన దిగాడు. కొత్త కారుకు చార్జింగ్ తగిలించి చూపించాడు. పచ్చ దీపం వెలిగింది. నియా చప్పట్లు కొట్టింది.

అతను మాత్రం అవతల గోడ మీద, మీటరు ఉండిన చోటు చూస్తున్నాడు.

"దాన్ని పీకింది నేనే. ఆ పెద్దాయన ఏమయ్యాడు?"

"పోయాడు."

అతను టోపీ తీశాడు.

"దొంగకి టోపీ ఎందుకు తియ్యడం?" అంది యొలాండా.

"దొంగ ఎవరమ్మా? ఆయన ఒక్క బిల్లు ఎగ్గొట్టలేదు. తన మీటరు కరెంటు ఇంకో ఇంటికి ఇస్తే మా కంపెనీ ఒప్పుకోదు. ఆయన తప్పు అంతే."

"ఇంకో ఇంటికా? ఎవరింటికి?"

అతను ఆమె వైపు వింతగా చూసి, చేతిలో పటకారుతో గ్యారేజీని చూపించాడు: కిందటి చలికాలం అంతా ఆ తీగలో కరెంటు ఇటునుంచి అటు పోలేదు, ముసలాడి మీటరులోంచి ఇటే వచ్చింది.