వెనకమూల స్పీకరు

చిన్నతల్లి తలుపు తట్టకుండా లోపలికి వచ్చి, నేరుగా వెళ్ళి వెనకమూల స్పీకరు పక్కన నేలమీద చతికిలబడింది.

గది మధ్య కుర్చీలో కళ్ళు మూసుకుని పాట వింటున్న దిలీప్ ఉలిక్కిపడ్డాడు.

ఆవిడ పక్క రైల్వే క్వార్టర్‌లో ఉండే అప్పారావుకి అక్క, వాళ్ళ మాటలో అప్ప. ఈమధ్యనే వచ్చింది. గొంతులో గడ్డకి ఆపరేషన్ చేసి, గడ్డతోపాటు మాట కూడా తీసేశారట. మెడ చుట్టూ ఎప్పుడూ ఒక తెల్లగుడ్డ ఉంటుంది. వయసులో ఉండగా ఆంగ్లో ఇండియన్ గార్డుగారి పిల్లల్ని ఎత్తుకునే పనికి కుదిరి, ఆ కుటుంబం వెంటే వెళ్ళిపోయి, తల నెరిశాక తిరిగొచ్చిన మనిషి.

"ఏటి పెద్దమ్మా?" అన్నాడు దిలీప్.

ఆవిడ చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పింది.

బిలాస్‌పూర్‌లో మే నెల. ఆ స్పీకరు వెనక కిటికీకే కూలర్ ఉంది. ఇంకేం చెప్పాలి? పాట వినేటప్పుడు రొద అని కట్టేసిన కూలర్‌ని విసుక్కుంటూనే లేచి వేశాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

గాలి చాల్లేదేమోనని స్పీడు పెంచాడు. కాసేపు కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

"పోనీలేరా, గాలి మనం కొన్నదా ఏటి" అంది దిలీప్ తల్లి ఉషారాణి.

గాలి సంగతి సరే, దిలీప్ బాధ వేరు. లోకోషెడ్‌లో డ్యూటీ దిగితే అతనికి లోకమంతా ఆ గదే. డెబ్బైలనాటి ఇంగ్లీషు రాక్ బ్యాండ్ ఆల్బమ్ ఒకటి ఉంది. ఒక్కో పాట గూడ్సు బండంత పొడుగు. పాత క్యాసెట్‌లో వాయిద్యాలన్నీ జనరల్ బోగీలో జనంలా ఒకదానిమీద ఒకటి పడి ఉండేవి. ఇప్పుడు లండన్‌లో ఎవరో ఆ పాత టేపులు బయటికి తీసి, ప్రతి వాయిద్యానికీ ఒక బెర్తు ఇచ్చినట్టు ఐదు స్పీకర్లకీ పంచి డీవీడీ వేశారు. ముందు నుంచి డ్రమ్ములు, పక్క నుంచి గిటారు.

పాట చివర, అన్నీ ఆగిపోయాక, వెనకమూల స్పీకరులోంచి మాత్రం ఒక సన్నని ధ్వని వస్తుంది. పాత క్యాసెట్‌లో అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు. వింటే దిలీప్‌కి ఎందుకో కళ్ళు చెమర్చేవి.

అది ఏ వాయిద్యం? అట్టమీద లేదు. ఇంటర్నెట్‌లో ఆ ఆల్బమ్ పిచ్చివాళ్ళంతా ఫ్లూటని కొందరు, వయొలినని కొందరు కొట్టుకు చస్తున్నారు. కీబోర్డేనని దిలీప్ పట్టు. తేల్చుకోకపోతే అతనికి అన్నం సయించేలా లేదు. సరిగ్గా ఆ ధ్వని ఆగేసరికి ఈవిడ వేలు తిప్పేది. అతను కూలర్ వేసేవాడు. ఇక మళ్ళీ పెట్టినా ఆ రొదలో ఏం వినపడుతుంది!

ఒక ఆదివారం సాయిచరణ్ వచ్చాడు. బ్యాంకు ఆఫీసరు. అతనికీ ఇదే పిచ్చి. ఇద్దరూ కలిసి ఆ ధ్వని సంగతి తేల్చేద్దామని కూర్చున్నారు.

గుమ్మంలో చిన్నతల్లి. వేలు తిప్పింది.

"కూలర్ ఖరాబైంది పెద్దమ్మా. మోటర్ కాలిపోయింది. మళ్ళీ రా" అని అబద్ధమాడి తలుపు వేసేశాడు దిలీప్.

కాసేపటికి చూస్తే, ఆవిడ కిటికీ అవతల ఎండలో, ఆగిన కూలర్‌కి చెంప ఆనించి నిలబడి ఉంది. ఆగిన కూలర్‌లో గాలెక్కడిది, చాదస్తం కాకపోతే అనుకున్నాడు.

ఆవిడ మళ్ళీ రాలేదు. గడ్డ తిరగబెట్టిందన్నారు. ఆ వారంలోనే పోయింది.

దిలీప్ ఇంత గాలి కోసం వచ్చిన ముసలిమనిషిని అబద్ధమాడి పంపేశానని లోలోపల కుమిలిపోయాడు. పెద్దకర్మ రోజున ఆవిడ పేరుమీద కూలర్‌ని అప్పారావు ఇంటికి ఇచ్చేస్తానన్నాడు. మోయడానికి అప్పారావు వచ్చాడు.

పాట నడుస్తూనే ఉంది. కూలర్‌కి చెరో పక్క చెయ్యి వేశారు. డ్రమ్ములు ఆగాయి. గిటారు ఆగింది. వెనకమూల నుంచి ఆ సన్నని ధ్వని మొదలైంది.

అప్పారావు చెయ్యి వదిలేశాడు.

"మా అప్ప" అన్నాడు.

"అచ్ఛా, ఇదా? కీబోర్డు మావయ్యా. లండన్‌లో ఎప్పుడో రికార్డు చేసింది."

"మా అప్ప ఉన్నాది లండన్‌లోనే కదా బాబూ. గార్డుదొర ఇంటి కిందన బాజాలోళ్ళు ఉండీవోరట. పిల్లోడికి జోకొడతా ఈవిడ కూనిరాగం తీస్తంటే ఇని, తీసికెళ్ళి మైకు ముందర నిలబెట్టీసినారని సెప్పీది. మేం నమ్మలేదు. నవ్వీసీవోళ్ళం." అప్పారావు నేలమీద, ఆవిడ కూర్చునేచోటే కూలబడ్డాడు. "నన్నెత్తుకుని కూడా ఇదే తీసీది."

ధ్వని ఆగిపోయింది.

డిస్కు తిరిగినట్టు గాలిలో తిరిగిన వేలు దిలీప్ కళ్ళముందు మెదిలింది.

ఆ వేలు అడిగింది కూలర్ గాలి కాదు, డాక్టర్లు తీసేసిన తన గొంతుని ఇంకొక్కసారి వినిపించమని.