చిల్లు పెట్టని దుంపలు

“ఆ ఫోర్కు అవతల పెట్టమ్మా. ఈ ఇంట్లో దుంపకి చిల్లు పెట్టం,” అంది అత్తగారు.

కోడలి చేయి ఆగిపోయింది. నిప్పుల మీద కాల్చే బంగాళాదుంపకి ఎవరైనా ముందు నాలుగు పోట్లు పొడుస్తారు. పొడవకపోతే లోపలి ఆవిరి దారిలేక టప్పున పేలుతుంది. ఆ సంగతి అత్తగారికి తెలియక కాదు.

ఎండాకాలం వచ్చిన మొదటి ఆదివారం సాయంత్రం వీళ్ళ పెరట్లో నిప్పులు రాజేస్తారు. వంటింట్లో చేపలు, వాటికి తోడుగా ఇక్కడ కాల్చిన దుంపలు. మనిషికి ఒక్కటే. కళ్ళు మూసుకుని బుట్టలోంచి ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. నూనె, ఉప్పు రాసి, ఫాయిల్ చుట్టి, వయసులో పెద్ద నుంచి చిన్న వరసలో నిప్పుల మీది ఇనప జల్లెడ మీద పెట్టాలి. జల్లెడ మీద ఏ చోట ఉన్నా సరే, ఎవరు తీసిన దుంప పేలితే వాళ్ళు మళ్ళీ ఎండాకాలం చూడరు.

వినడానికి పిచ్చిగా ఉంది కదా? కోడలికీ మొదట్లో అలాగే ఉండేది. పది నెలల కిందట పెళ్ళిలో మామగారు, “నా దుంప పేలిపోయిందమ్మా, ఆ స్వీటేదో తొందరగా వడ్డించు,” అంటే అందరితో పాటు తనూ నవ్వింది. మనిషి గుండ్రాయిలా ఉండేవాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఓ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. అప్పట్నించీ ఆమెకి నవ్వు రాలేదు.

“మానేస్తే పోదా అత్తయ్యా?”

“ఒక ఏడు మానేశాం. ఆ ఏడు ఇద్దరు పోయారు.”

“ఈ దుంపల దుంప తెగ! తినేదానికి ఇంత రాద్ధాంతమా?” అంటూ కొడుకు పెరట్లోకి వచ్చాడు. కరెంటు లైన్‌మన్. ఇన్నాళ్ళూ వీధి స్తంభాలెక్కాడు. రేపట్నించి ఊరి బయట పెద్ద టవర్లు ఎక్కాలి. ఆ కబురు విన్న రోజు నుంచీ ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ కంటి మీద కునుకు లేదు.

బుట్టలో దుంపలన్నీ అచ్చు పోసినట్టు ఒకే సైజు. అత్తగారు ఏరి ఏరి అలాంటివే తెస్తుంది. ఆమె చేతికి ముడతలు పడ్డ దుంప వచ్చింది. కోడలికీ అలాంటిదే. కొడుకు కళ్ళు మూసుకుని తీసింది మాత్రం నున్నగా, ఒక్క గీతైనా లేకుండా, తోలు బిగిసిపోయి ఉంది. పేలేవన్నీ అలాంటివే. అత్తా కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఇంకోటి తీయనివ్వండి అత్తయ్యా.”

“చేతికొచ్చిందే మనది తల్లీ.”

మూడు దుంపలకీ ఫాయిల్ చుట్టాక దేనికీ దేనికీ తేడా తెలియదు. ఎడమ పక్క అత్తగారిది, సెగ అన్నిటికంటే ఎక్కువ తగిలే మధ్యలో కొడుకుది, కుడి చివర కోడలిది. కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

కోడలు నిప్పుల దగ్గర్నించి కదల్లేదు. అత్తగారు దగ్గరికి వచ్చి తల నిమిరింది. “పిచ్చిదానా, వాడికేం కాదు. నేనున్నానుగా. ఈ పొగలో నువ్వెందుకు? లోపలికెళ్ళి నిమ్మకాయలు కోసుకురా. కంగారేం లేదు, నిదానంగా రా.”

ఇంత మంచి అత్తగారు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి!

నిమ్మకాయలు కోస్తూ కోడలు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి ఓ నిర్ణయానికి వచ్చి మొహం కడుక్కుంది. పెరట్లోకి వచ్చి, “అత్తయ్యా, చేపలు మాడుతున్నట్టున్నాయి, నాకు తెలియడం లేదు,” అని అబద్ధమాడింది. అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఎండ ఇంకా గోడ మీదే ఉంది. గాలి లేదు. ఫాయిల్ లోపల్నించి సన్నటి ఈల వినిపిస్తోంది, మూడింటిలో దేన్నుంచో తెలియదు. కోడలు పట్టకారు తీసుకుని మధ్య దుంపని చివరికి, చివరి దుంపని మధ్య సెగలోకి మార్చింది. వేలు చురుక్కుమన్నా చేయి వదల్లేదు. ఆయన గండం నాకే రానీ, అనుకుంది.

అత్తగారు తిరిగొచ్చి పక్కనే కూర్చుంది. ఇద్దరూ చివరి దుంపనే చూస్తున్నారు. కొడుకుదే అనుకోవాల్సిన మధ్య దుంప వైపు అత్తగారు ఒక్కసారైనా చూడకపోవడం కోడలికి వింతగా తోచింది. భయంతో చూడలేకపోతోంది కాబోలు అని సరిపెట్టుకుంది.

టప్!

పేలింది మధ్య దుంప.

“ఏది? నాదేనా?” తల తుడుచుకుంటూ వచ్చాడు కొడుకు. “బావుంది! చావబోయేవాడికి చేప పెద్ద ముక్క వెయ్యాలి మరి. ఉండండి, ప్లేట్లు తెస్తా.” నవ్వుకుంటూ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తగారు గుండెలు బాదుకోలేదు, కేకలూ వేయలేదు. ఎన్నాళ్ళనించో పట్టి ఉంచినట్టున్న ఊపిరి వదిలి, కోడలి చేతులు రెండూ పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు. “నన్ను క్షమించు తల్లీ. చిన్నపిల్లవి. ఏ పాపం ఎరగనిదానివి.”

పాపం, నా పసుపుకుంకాల గురించి బెంగపడుతోంది, అనుకుంది కోడలు. ఇక దాచలేకపోయింది.

“ఏడవకండి అత్తయ్యా. పేలింది ఆయనది కాదు, నాది. మీరు లోపలికి వెళ్ళినప్పుడు మా ఇద్దరివీ మార్చేశాను.” ఆమెకి చావాలని లేదు. అయినా ఆయన బతుకుతాడు, అది చాలు.

అత్తగారి చేతులు చల్లబడిపోయాయి.

“నీకంటే ముందే ఆ రెండూ నేను మార్చానే.”