సీసం ఎటు పోయింది?

"మీ మేనేజరు బయటికొస్తాడా, నన్నే లోపలికి రమ్మంటాడా?"

బ్యాటరీల ఫ్యాక్టరీ ల్యాబు గుమ్మంలో నిలబడి పెద్దాయన అరిచాడు. వాచ్‌మన్ ఎప్పటిలాగే గేటు తీశాడు గానీ, ఆ ముఖం చూసి పలకరించే ధైర్యం చేయలేదు.

"మేనేజరు ఊళ్లో లేరు బాబాయ్. ఏమైందో నాకు చెప్పండి," అంది కెమిస్టు.

ఆయన చేతిలోని కాగితాన్ని బల్ల మీద కొట్టాడు. నాలుగేళ్ల మనవరాలి రక్తపరీక్ష. ఒంట్లో ఉండకూడని సీసం, ఉండకూడనంత ఉంది.

"కడుపునొప్పంటే నులిపురుగులనుకున్నాం. వచ్చిన మాటలు కూడా మర్చిపోతోంది పిల్ల. మొన్నటిదాకా తాతా అనేది, ఇప్పుడు ఊరికే చూస్తోంది. ఈ చుట్టుపక్కల సీసంతో పని చేసేది మీరొక్కరే. మీ మురుగే మా బోరులోకి దిగింది."

కెమిస్టు కాగితం రెండుసార్లు చదివింది.

"మా నీళ్లు కావు బాబాయ్. రండి, చూపిస్తా."

వెనక వరుసగా నాలుగు ట్యాంకులు. వాటి నిండా వేరుశనగ పొట్టు. పైనుంచి మురుగు ఆ పొట్టులోకి దిగుతోంది. చివరి గొట్టం కింద తొట్టిలో చేపలు తిరుగుతున్నాయి.

"మూడేళ్లుగా ఈ నీళ్లలోనే బతుకుతున్నాయి. పిల్లల్ని కూడా పెట్టాయి."

"చేపల్ని సాక్ష్యానికి పెట్టుకున్నారా? మీ మేత తినేవి మీ మాటే చెబుతాయి."

ఆమె నవ్వలేదు. గొట్టం దగ్గర ఆయన చేతే నీళ్లు పట్టించి సీసం కొలిచే మిషన్లో పెట్టింది. సీసం లేనట్టే. ఆయన వెంట బాటిల్లో తెచ్చుకున్న ఇంటి బోరు నీళ్లూ పెట్టింది. అందులోనూ లేనట్టే.

ఆయన కోపం రెట్టింపైంది. లెక్క కుదరకపోతే ఆయనకెప్పుడూ అంతే.

"నలభై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్నా. వచ్చిన సరుకు ఊరికే మాయమవదు. మీ మురుగులో సీసం ఉంటుంది కదా, బయటికొచ్చే నీళ్లలో లేదంటావు. మధ్యలో ఎవడు మింగాడు?"

"పొట్టు మింగింది. ఒకసారి సీసాన్ని పట్టుకుందంటే ఇక నీళ్లలోకి వదలదు. నీళ్లు తేరుకుంటాయి, పొట్టు విషమైపోతుంది. ఎండిందంటే ఆ దుమ్ముతో మరీ ప్రమాదం. అందుకే తడి మీదే బస్తాల్లో కుట్టించి, దూరంగా సిమెంటు గుంతలో పూడ్చిస్తున్నాం."

పెద్దాయన గోడకు చేయి ఆనించాడు.

"పొట్టే కదా..."

"చూడ్డానికి పొట్టే. ఇంతకీ పాప రోజూ ఎక్కడ ఆడుకుంటుంది బాబాయ్?"

మేనేజరు దగ్గర పూడ్చే కాంట్రాక్టు తీసుకుని, గుంత దాకా లారీ తోలితే డీజిలు దండగని, మూడేళ్లుగా ఆ బస్తాలన్నీ తన పెరట్లోనే ఆరబోసి పొయ్యిల్లోకి అమ్ముకుంటున్న పెద్దాయన, బల్ల మీది కాగితం కూడా తీసుకోకుండా ఇంటికి పరిగెత్తాడు.