నూట నలభై నీలం గుర్తులు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులు దొర్లితే మన్నించండి. ఇంత రాయడానికే చలికాలమంతా పట్టింది.

"పార్కు వంతెనకి ఆ చెవిటివాడి పేరా?" రంపం పనిలో ముసలివాడైన వెండెల్ చేతికర్ర మీద వాలి నవ్వాడు. "ఏం జెల్మీరా, మీ ఆయన్ని కలప కంపెనీ ఎందుకు పీకేసిందో వీళ్ళకి చెప్పలేదా?"

జెల్మీరా భర్త పేరు ఈనో. అతను పోయి పదకొండేళ్ళయింది. ఆ ఎగతాళి మాత్రం పోలేదు. వంతెన మీద పేరు పడితేనైనా పోతుందని ఆమె ఆశ.

రెడ్‌వుడ్ చెట్లను గొడ్డలి తిరగేసి కొట్టి, చప్పుడు వినడం ఈనో పని. డొల్ల చెట్టుకు నీలం రంగుతో గుర్తు పడేది. గుర్తున్న చెట్టు జోలికి రంపం పోదు. ఈ వంతెన కింది వాగు పొడవునా నూట నలభై చెట్లకు గుర్తులు పడ్డాయి. పనికిరాని అడవి అని కంపెనీ దాన్ని ప్రభుత్వానికి అమ్మేసింది; అదే ఇప్పటి పార్కు. ఆ మరుసటి నెలే గాలికి ఒక చెట్టు కూలింది. లోపల చేవ రాయిలా ఉంది. ఈనో ఉద్యోగం ఊడింది.

పార్కు అధికారిణి కోరా ముందుకొచ్చింది. "తాతగారూ, మిగతా చెట్లన్నిటికీ సన్న బరమా దించి చూశాం. ఎన్ని డొల్లవో చెప్పండి."

"సగమైనా ఉంటాయిలే."

"ఒక్కటీ లేదు."

వెండెల్ నవ్వు ఆగింది.

"ఒకటో రెండో అయితే చెవి తప్పనుకోవచ్చు," అంది కోరా. "అన్నీ తప్పవుతాయా? కావాలనే కాపాడారు."

"అంత గుండె ఉందా వాడికి?"

"ఉంది," అంది జెల్మీరా. "దొరల ముందు నిలబడి 'తప్పు నా చెవిదే' అన్నాడు. రెండో మాట లేదు. తరవాత ఇరవై ఏళ్ళు చేపల షెడ్డులో ఐసు మోశాడు. ఇంట్లో కూడా సణగలేదు."

వెండెల్ టోపీ తీశాడు. "మనవల్ని తీసుకొస్తాను," అని గొణిగాడు. "నా పనితనం చూపిద్దామంటే మొద్దులు తప్ప ఏమున్నాయి?"

జెల్మీరా వంతెన మీదికి నడిచి, పేరు చెక్కిన పలక మీది అక్షరాలను వేలితో కూడబలుక్కుంది. ఈనో లాహ్తి. తలెత్తి చూసింది. చెట్ల కొసలు పొగమంచులో కలిసిపోయి ఉన్నాయి.

ఈనో చెవి ఏనాడూ తప్పు వినలేదు.

వెనకే రంగు డబ్బాతో నడిచి, అతను గట్టివన్న చెట్లకి గుర్తులు వేసింది ఆమె.

— జెల్మీరా లాహ్తి, ఎనభై నాలుగేళ్ళు, ప్రస్తుతం యురేకాలో