తారాదేవి వాకబు

"కాస్త జరుగుతారా అమ్మా?"

ఫ్లాట్ల బ్లాకు కింద బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని జరిగింది. తారాదేవి కూలబడి పైటకొంగుతో విసురుకుంది.

సింగపూర్‌కి ఆ కొసనున్న హౌగాంగ్‌లో బస్సెక్కి, రైలు మారి జురాంగ్ ఈస్ట్ దాకా వచ్చింది మరి. చెట్ల తలల మీదుగా తేలిపోయే ఆ రైల్లో కూర్చుంటే ఆమెకి ఎప్పుడూ సగం నిద్ర, సగం కల. వచ్చిన పని మాత్రం కల కాదు, అచ్చంగా డిటెక్టివ్ పని.

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతి కుర్రాడూ సింగపూర్ విమానం ఎక్కుతున్న రోజులవి. ఇక్కడి సంబంధం వచ్చిందంటే చాలు, ఆడపిల్లల తల్లులు తారాదేవికి ఫోన్ చేసేవారు. అబ్బాయి తాగుతాడా, ఎవరితోనైనా తిరుగుతున్నాడా, అన్నీ ఆమె ఆరా తీసి చెప్పేది.

ఆ విద్య ఆమెకి ఆఫ్రికాలో అబ్బింది. భర్త జాంబియాలో మేష్టారుగా ఉన్నన్నాళ్ళూ అక్కడి ఆడవాళ్ళని చూసింది. ఒంట్లో ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, వానలు పడ్డాయా... ఇవన్నీ అయ్యాకే అసలు సంగతి. అంత మర్యాదగా అడిగితే ఎవరి గుట్టయినా దానంతటదే బయటికొస్తుందని ఆమె నమ్మకం.

ఈసారి పెళ్ళికూతురు సొంత చెల్లెలి కూతురు కల్పన.

"జీతం సంగతి నాకొద్దక్కా," అంది చెల్లెలు అరుణ ఫోన్లో. "అత్తగారెలాంటిదో కనుక్కో. నేను పడ్డ పాట్లు నా పిల్ల పడకూడదు."

అందుకే తారాదేవి మర్యాదగా మొదలుపెట్టింది.

"మోకాళ్ళ నొప్పులా అమ్మా?"

"అబ్బో, ఎలా కనిపెట్టారండీ!"

ఆ మధ్యాహ్నమంతా మోకాళ్ళకీ, ఇక్కడి మునక్కాయలకి రుచి లేకపోవడానికీ సరిపోయింది. పై అంతస్తుల్లో వెదురు గడలకి ఆరేసిన బట్టలు గాలికి ఊగుతున్నాయి. వాటి నీడలు చూస్తూ ఇద్దరూ కాసేపు కునుకు కూడా తీశారు.

మర్నాడు అసలు సంగతి కదిపింది.

"ఈ బ్లాకులో శ్యాంసుందర్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడట, తెలుసా?"

"తెలియకేం? రోజూ చూస్తూనే ఉన్నాను."

"తాగుతాడా?"

"టీ. గ్లాసులకి గ్లాసులు."

"వాళ్ళమ్మ ఎలాంటిదో?"

ఆవిడ పకపకా నవ్వింది.

"ఆవిడతో వేగడం కష్టమండీ. కడుపులో ఒక్క మాట దాగదు. ఎక్కడ ఏం మాట్లాడకూడదో అదే మాట్లాడుతుంది."

అరుణ భయపడినంతా అయిందనుకుంది తారాదేవి.

మూడో రోజు సన్నగా వాన. ఈసారి ఆవిడే అడిగింది.

"మీరు పిల్ల తరఫువాళ్ళు కదూ?"

దొరికిపోయిన తారాదేవి నవ్వేసింది.

"పిల్ల ఎలాంటిదండీ?"

"మా కల్పనా? వట్టి అమాయకురాలమ్మా. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది."

ఆవిడ బెంచీ మీద ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అయితే ఆ పిల్ల దగ్గర దాచి పెళ్ళి చెయ్యకూడదండీ," అంది. "అబ్బాయికి ఉద్యోగం పోయింది. రోజూ టై కట్టుకుని లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటున్నాడు. కుర్రాడు మంచివాడే, మళ్ళీ తెచ్చుకుంటాడు. ఆగగలిగితే కొన్నాళ్ళు ఆగమనండి."

చెల్లెలు పంపిన ఫోటో పట్టుకుని తారాదేవి లైబ్రరీకి వెళ్ళి చూసింది. నిజమే. టై నలగకుండా భుజం మీదకి వేసుకుని, లావుపాటి కంప్యూటర్ పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు శ్యాంసుందర్. జాలేసింది. లేపి ఇంత అన్నం పెట్టాలనిపించింది. కానీ పని పనే కదా.

"వద్దే," అంది చెల్లెలితో. "ఉద్యోగం ఊడింది."

"పోతే పోయింది, మళ్ళీ వస్తుంది. అత్తగారి సంగతేంటక్కా?"

"నోటికి అదుపు లేదట. ఆ ఇంటి గడప తొక్కొద్దు."

తన పనితనానికి తనే మురిసిపోయింది తారాదేవి.

కల్పనకి హైదరాబాదు సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. అత్తగారు గొంతెత్తి మాట్లాడదని ఊరంతా చెప్పింది. నిజంగానే ఎత్తదు.

"మొహం మీద నవ్వు చెరగదు పెద్దమ్మా," అంది కల్పన ఓసారి ఫోన్లో, లోగొంతుకతో. "నాతో ఒకటి చెబుతారు, ఆయనతో ఇంకోటి చెబుతారు. లోపల ఏముందో తెలీదు. ఆ ఇంట్లో నాకు భయమేస్తోంది."

ఆ మాట విన్నాక తారాదేవికి రైల్లో కూడా కునుకు పట్టడం మానేసింది.

ఉగాదికి సెరంగూన్‌లో తెలుగువాళ్ళు కలిసిన చోట శ్యాంసుందర్ కనిపించాడు. ఉద్యోగం వచ్చిందట, మొహం తేటపడింది. తారాదేవి తనే దగ్గరికి వెళ్ళింది.

"నీ సంబంధం చెడగొట్టింది నేనే బాబూ. కోపంగా ఉందా?"

"మీరా ఆంటీ!" అతను నవ్వాడు. "కోపమెందుకు? ఆవిడ మీతో అంతా చెప్పేసి, నేరుగా పైకొచ్చి నాకూ చెప్పింది. అంత అమాయకపు పిల్లని మోసం చేస్తే నాకు అన్నం సయించదురా అంది. ఆ పిల్లని చూడకుండానే ఎంత ఇష్టపడిందో! మీరు మళ్ళీ వస్తారేమోనని ఊరెళ్ళేదాకా ఆ బెంచీ మీదే కూర్చుంది."

"ఇంతకీ ఎవరు బాబూ ఆవిడ? నేను పేరైనా అడగలేదు."

శ్యాంసుందర్ వింతగా చూశాడు.

"అదేంటాంటీ, మా అమ్మ."