వంతెన కింద చెత్త

"ఆపండి! మిమ్మల్నే! ఆపమంటుంటే వినపడటం లేదా?"

ఇర్మా కారు తలుపు కూడా వేయకుండా పరిగెత్తింది. హైవే వంతెన కింద చెత్త లారీ వెనక్కి తిరిగి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఇద్దరు పనివాళ్లు నీలం రంగు టెంటును చెరో కొసా పట్టుకుని అందులోకి విసిరేశారు. ఇనుప పలక కిందికి దిగింది. లోపల ఏదో పటపటమని విరిగింది.

"అయ్యో, అది ఒటిస్ టెంటు! అందులో మనిషి సామానుంది!"

"మనిషి లేడుగా" అన్నాడు మేస్త్రీ తాపీగా, చేతి తొడుగులు విప్పుకుంటూ. "మనిషి లేని టెంటు చెత్త కిందే లెక్క. రూలది. ఇంతకీ నువ్వెవరమ్మా?"

"సర్వీస్ సెంటర్ మనిషిని. ఏళ్ల తరబడి రోడ్డు మీద పడి ఉన్నవాళ్లకి ఇళ్లిప్పించేది మేమే. ఆ ముసలాయనకి ఇవాళ గది తాళం చేతికిస్తున్నారు, తెలుసా? తొమ్మిదేళ్ల తర్వాత!"

"మంచిదేగా. ఇంక టెంటుతో పనేముంది?"

ఇర్మాకు ఒళ్లు మండిపోయింది.

"ఆయన గుర్తింపు కార్డు అందులో ఉంటుందయ్యా మహానుభావా! పన్నెండులోపు ఆ కార్డు చూపించి సంతకం పెట్టకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ ముక్క తెప్పించడానికి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగానో నీకేం తెలుసు?"

మేస్త్రీ లారీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "దాంట్లో పడ్డది ఏదీ మళ్లీ బయటికి రాదమ్మా. వచ్చినా పనికిరాదు."

అంతలో చర్చి వైపు నుంచి ఒటిస్ వస్తూ కనిపించాడు. స్నానం చేసి, గడ్డం గీయించుకుని, ఎవరో ఇచ్చిన తెల్ల చొక్కాకి మెడదాకా గుండీలు పెట్టుకున్నాడు. చుబుకం మీద గాటు పడ్డచోట చిన్న కాగితం ముక్క అంటుకుని ఉంది. ఇంటి యజమాని ముందు మనిషిలా కనపడాలని పొద్దున్నే చర్చిలో స్నానానికి వెళ్లాడు. తన చోటు ఖాళీగా కనిపించేసరికి అడుగు ముందుకు పడక అక్కడే నిలబడిపోయాడు.

"కార్డు నీ దగ్గరే ఉంది కదూ? జేబులో ఉందని చెప్పు పెద్దాయనా!"

"డబ్బాలో పెట్టాను తల్లీ. స్నానం దగ్గర తడుస్తుందని..."

"ఏ డబ్బా?"

ఒటిస్ లారీ వైపు చూపించాడు.

ఇర్మా కోపం ఈసారి ముసలాయన మీదికే తిరిగింది. "స్తంభం మీద నోటీసు అంటించారుగా! చదవలేదా? ఎలా వదిలేసి పోయావ్?"

"చదివాను. శుభ్రం చేస్తామని ఉంది. ఊళ్లోవాళ్లు తెచ్చి పారేస్తున్నారని పోయిన వారం నువ్వు చూసి బాధపడ్డావే, ఆ చెత్త తీస్తారేమో అనుకున్నా. సంతోషించాను కూడా. పాపం వాళ్లకి శ్రమ ఉండకూడదని అదంతా సంచుల్లో కట్టి స్తంభం పక్కన పెట్టి వెళ్లాను."

సంచులు స్తంభం పక్కన వరసగానే ఉన్నాయి. వాటి జోలికి ఇంకా ఎవరూ పోలేదు.

ఇర్మా పక్కకి వెళ్లి సెంటర్‌కి ఫోన్ చేసింది. బతిమాలింది, అరిచింది, మళ్లీ బతిమాలింది. అవతల పెద్దాఫీసరు మంచివాడే. కానీ కార్డు లేకపోతే యజమాని ఒప్పుకోడన్నాడు. వరసలో తర్వాతి మనిషిని పంపించేస్తున్నానన్నాడు. ఫోన్ పెట్టేసి వెనక్కి వచ్చింది.

"పోయిందా?" అన్నాడు ఒటిస్.

ఆమె నేరుగా వెళ్లి లారీకి అడ్డంగా నిలబడింది.

"ఎవరు చేశారు ఫిర్యాదు?"

"మాకు పంపితే వచ్చాం. దారివ్వమ్మా."

"ఊరికే పంపరు. ఎవడో ఫోన్ చేస్తేనే పంపుతారు. ఆ టైర్ల కొట్టువాడేనా? లేక ఆ అద్దాల మేడ వాళ్లా? ఈయన ఎవరి జోలికి వెళ్లాడు? తన చోటు రోజూ ఊడ్చుకునే మనిషి! పేరు చెప్పు. వాళ్లింటికెళ్లి, వాళ్ల మంచం, వాళ్ల గిన్నెలు, వాళ్ల పిల్లల ఫోటోలు అన్నీ ఇలాగే లారీలో వేయిస్తాను. అప్పుడు తెలుస్తుంది ఆ దిక్కుమాలినవాళ్లకి!"

ఒటిస్ ఆమె ముఖంలోకి కాసేపు అలాగే చూశాడు. తర్వాత గబగబా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్ తల్లీ. పేరు తెలుసుకుని ఏం చేస్తాం? తప్పు నాదేలే. పద, పోయి కాఫీ తాగుదాం."

"నీదెలా అవుతుంది తప్పు? నీ మంచితనమే నీ కొంప ముంచింది! ఏయ్, పేరు చెప్పందే బండి కదలదు. కావాలంటే పోలీసుల్ని పిలుచుకో!"

"చెప్పకు నాయనా" అన్నాడు ఒటిస్ మేస్త్రీతో. చేతులు జోడించాడు. "నీకు పుణ్యముంటుంది, చెప్పకు."

మేస్త్రీకి విసుగెత్తింది. ఇంకో మూడు చోట్లకి వెళ్లాల్సినవాడు. జేబులోంచి ఫోన్ తీసి వేలితో పైకీ కిందికీ జరిపాడు.

"ఇదిగో. 'వంతెన కింద చెత్త పేరుకుపోయింది, అక్కడ ఉండే పెద్దాయన అవస్థ పడుతున్నాడు, దయచేసి వచ్చి అంతా శుభ్రం చేయండి' అని పోయిన వారం ఒకావిడ ఫోన్ చేసిందమ్మా. మీ సెంటరే. ఇర్మా గాల్వెస్ అట. నీకు తెలుసా ఆవిడ?"