ఎర్ర చొక్కా

"ఎర్ర చొక్కా కంటబడిందంటే చాలు నూర్జాన్, ఇంక నా కాళ్లు వాటంతటవే అటు నడుస్తాయి."

మైపాడు బీచ్‌లో బజ్జీల బండి వెనక వంగి స్టవ్వుకు గాలి కొడుతున్న హజరత్తయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ గొంతు తన పెళ్లాం జయశీలది. బండికి అవతల నిలబడి, గవ్వల దండలు అమ్మడానికి కొత్తగా వచ్చిన నూర్జాన్‌కు కిటుకులు చెబుతోంది.

"నాకైతే తప్పిపోతానేమోనని భయమేస్తా ఉండాదక్కా. ఎంత దూరం పోయినా అదే ఇసక, అవే నీళ్లు," అంది నూర్జాన్.

"నాకూ అంతే ఉండేది. బండిని గుర్తు పెట్టుకుందామంటే అన్ని బండ్లకీ ఆ నీలం పట్టాలే. అల పైకొచ్చినప్పుడల్లా వాటిని జరుపుతానే ఉంటారు. సెల్ టవరేమో ఊళ్లో ఉండాది. అందుకే ఈ ఎండాకాలం నుంచి టవరూ చూడను, చెట్టూ చూడను. ఎర్ర చొక్కా యాడుండాదా అని చూస్తా. ఎంత జనంలో ఉన్నా అది నా కంట్లో పడిపోతాది."

చెప్పి నవ్వింది. ఆ నవ్వు విని హజరత్తయ్యకు ఒళ్లు మండిపోయింది. పన్నెండేళ్ల కాపురంలో మొగుడి గురించి మాట్లాడుతూ ఆమె అలా నవ్విన పాపాన పోలేదు.

తనదేమో ఆకుపచ్చ చొక్కా. వేసవి మొదట్లో నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన కుప్ప పోసి అమ్ముతుంటే, ఆకుపచ్చదే కావాలని గంటసేపు ఏరి మరీ కొనుక్కున్నాడు.

ఆ రోజు నుంచి బజ్జీలు మాడిపోవడం మొదలైంది.

జయశీల ఉడకబెట్టిన శనక్కాయల గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డు పొడుగునా తిరుగుతుంది. పోయినేడు బండి కనిపించేంత మేరే తిరిగేది. ఇప్పుడు చివరిదాకా పోతోంది, పాటలు పాడుకుంటూ వస్తోంది. ఎందుకో ఇప్పుడు కదా తెలిసింది.

ఇంట్లో చూడబోతే, వేరే చొక్కా వేసుకుంటానంటే ఒప్పుకోదు. రోజూ ఆ ఒక్కదాన్నే ఉతికి, ఆరేసి, పొద్దున్నే చేతిలో పెడుతుంది. మొగుడు ఎలా ఉంటే ఆమెకేం? ఆమె కళ్లు ఇంకెక్కడో ఉన్నాయి. చివరికి బజ్జీ మిరపకాయలు కొనడానికి కూడా అతన్ని పంపడం మానేసింది.

"పచ్చివి తెమ్మంటే నువ్వు తెచ్చేవాటిల్లో సగం పండినవే ఉంటాయి. చూసి తెచ్చే ఓపిక నీకు యాడిది?" అని దెప్పుతుంది.

మిరపకాయలకు కూడా పనికిరాని మొగుడు. వాడెవడో ఎర్ర చొక్కావాడు మాత్రం పనికొచ్చాడు.

నాలుగు రోజులు కాపలా కాసి మనిషిని పట్టేశాడు. ఐస్‌క్రీం బండి ముఖేష్. కుర్రాడు, క్రాపు దువ్వుతాడు, జయశీలను అక్కా అంటూ పలకరిస్తాడు. అక్కా అంట, అక్క.

"రేపటినుంచి ఆ ఎర్ర చొక్కా ఏసుకుని ఈ పక్కకి రావాకు," అన్నాడు హజరత్తయ్య పళ్లు నూరుతూ.

ముఖేష్ తల వంచి తన చొక్కా చూసుకున్నాడు. తర్వాత హజరత్తయ్యను పైనుంచి కిందిదాకా చూశాడు.

"నాది ఎర్ర చొక్కానా? ఎండ దెబ్బ తగిలినట్టుండాదన్నా. పోయి నీడన కూర్చో," అని బండి తోసుకుంటూ పోయాడు.

ఆదివారం తేల్చేయాలనుకున్నాడు హజరత్తయ్య. ఆమె వాడి దగ్గరకు పోవడం కళ్లారా చూస్తే బండి అక్కడే వదిలేసి చిట్టమూరు బస్సెక్కేస్తాడు. అక్క ఇంట్లో ఉంటాడు. మళ్లీ జయశీల మొహం చూడడు.

మధ్యాహ్నం ఆమె గంపెత్తుకుని పోగానే స్టవ్వు ఆర్పి, బండి మీద పట్టా కప్పాడు. తన ఆకుపచ్చ చొక్కాతో ఉంటే దూరం నుంచే పోల్చుకుంటుందని దాన్ని విప్పి, ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. బనీనుతో జనంలో కలిసిపోయాడు.

చాలాసేపటికి ఆమె తిరిగి వచ్చింది. గంప ఖాళీ. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఇటూ అటూ చూసింది. ముఖేష్ ముందునుంచే నడిచిపోయింది, వాడివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అయితే వాడు కాదు. ఇంకొకడున్నాడు. హజరత్తయ్య జనం చాటున ఆమె వెనకే నడిచాడు.

వరసగా నిలబడ్డ బండ్లన్నీ దాటింది. పట్టా కప్పిన తమ బండిని కూడా దాటింది. సరుగుడు తోట దాకా పోయి వెనక్కి వచ్చింది. నీళ్ల అంచుకు పరుగెత్తి, స్నానాలు చేసేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. నడక తడబడుతోంది. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

తన కోసం ఈమె ఎన్నడైనా ఇలా వెతికిందా? ఒక్కరోజు, ఒక్కసారి? హజరత్తయ్యకు ఏడుపొచ్చింది. చిట్టమూరు బస్సు ఎక్కేముందు అడగాల్సింది ఒక్కటే మిగిలింది. జనాన్ని తోసుకుని వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు.

"ఎవురి కోసం మే, అట్టా ఎతకతా ఉండావు?"

జయశీల గిరుక్కున తిరిగింది. చేతిలో గంప ఇసుకలో పడింది. ఒక్క క్షణం అతని బనీను వైపు తెల్లబోయి చూసింది. రెండు చేతులతో అతని గుండెల మీద కొట్టింది.

"యాడికి పోయినావయ్యా? అలల్లో కొట్టుకపోయినావేమోనని పానాలు పోయినాయి నాకు," అంది.

తర్వాత అతని చంకలోని చొక్కా లాగి, ఇసుక దులిపి, భుజాల మీద కప్పుతూ, "ఈ ఎర్ర చొక్కా ఇప్పేస్తే ఇంత జనంలో నిన్ను నేనెట్టా కనుక్కునేది?" అంది.